విశ్రమము – విసర్జనము: రూపకములందు వృద్ధసేవకుడు

సంస్కృత రూపకములలోని కంచుకి పాత్రమును గూర్చి మన విమర్శకులు తఱచుగా రెండు మాటలతో ముగించుచుందురు. అతడు అంతఃపురాధికారి యనుట యొకటి. తన ముదిమిని తాను నిందించుకొనుచు రంగమున ప్రవేశించుననుట రెండవది. ఈ రెండవ యంశము ఒక కవినుండి మఱొక కవికి సంక్రమించిన యాచారముగా మాత్రమే పరిగణింపబడినది. మేమట్లు తలంపము. కొలువునకును వయస్సునకును గల సంబంధమును గూర్చి మన ప్రాచీన నాటకకర్తలు చేసిన యాలోచన ఆ కొలది ప్రవేశములలో ఇమిడియున్నది. ఆ యాలోచన యెంత గంభీరమో, ఎచ్చట అసంపూర్ణమో తెలియవలెనన్న, దానిని 1949 లో న్యూయార్కు నగరమున ప్రదర్శితమైన ఆర్థర్ మిల్లర్ నాటకము ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’తో పోల్చి చూడవలెను. ఒక నాటకసంప్రదాయమున వృద్ధుడు విశ్రాంతి లేదని వగచుచున్నాడు. మఱొక నాటకమున వృద్ధుడు పని యిమ్మని వేడుచుండగా అతనికి విశ్రాంతి విధింపబడుచున్నది. ఈ రెండిటికిని నడుమనున్న దూరమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఒక పదమును నిర్ణయించుకొనవలసి యున్నది. ఒక వ్యక్తి సామర్థ్యమును పరీక్షింపక, కేవలము వయస్సును బట్టి అతనిని కొలువున చేర్చుకొనకుండుట, హీనముగా చూచుట, లేక తొలగించుట వయోవివక్ష యనబడును. ఈ యర్థమున ఆంగ్లమున వాడబడు ‘ఏజిజమ్’ అను మాటను 1969 లో రాబర్ట్ బట్లర్ అను అమెరికా వైద్యుడు కల్పించెను. ముదిమిలో కలిగిన ప్రతి దైన్యమును వివక్ష కాజాలదు. శ్రీనాథుని తుదిదినములు దీనికి నిదర్శనము. బొడ్డుపల్లెను గుత్తకు గొని, పైరు చెడి, పన్ను కట్టజాలక ఆ కవిసార్వభౌముడు శిక్షల పాలయ్యెనని చాటువుల వలన తెలియవచ్చుచున్నది. ఆ వృత్తాంతము యథార్థమే యనుకొన్నను, అతనిని కూల్చినది ఆశ్రయరాజ్యముల పతనమే కాని, ముసలివాడని యెవ్వరో త్రోసివేయుట కాదు. కావున వృద్ధుని దుఃఖమును, వృద్ధుడైనందున కలిగిన యన్యాయమును వేఱుచేసి చూడవలెను. సాహిత్యవిమర్శకు ఈ వివేకము అత్యావశ్యకము.

ఇక కంచుకి. లక్షణకారులు ఈ పాత్రమునకు వార్ధక్యమును కేవలము వర్ణనగా గాక లక్షణముగానే చెప్పిరి. అనగా ముదిమి ఆ యుద్యోగమునకు ప్రతిబంధకము కాదు, అర్హత. దాని సరసనే గుణసంపదను, సకలకార్యములయందలి నేర్పును కూడ చెప్పుట గమనింపదగినది. వయస్సు ఒక్కటియే చాలునని వారు తలంపలేదు. అంతఃపురమున తిరుగువానికి ఇంద్రియచాపల్యము ఉండరాదని ప్రభువుల యభిమతము. ముదిమి ఆ చాపల్యమును అణచునని వారి యూహ. ఈ యూహ సత్యమా యని ఎవ్వరును విచారింపలేదు. నియామకమునకు మూలమైన ఈ యూహను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. దీని ప్రసక్తి మరల వచ్చును.

అభిజ్ఞానశాకుంతలమున పంచమాంకమునందు ప్రవేశించు కంచుకి తన చేతి బెత్తమును గూర్చి తలపోయును. కొలువున చేరిన నాడు అది అధికారచిహ్నముగా మాత్రమే చేపట్టినది. కాలము గడచి అడుగులు తడబడ నారంభించిన పిమ్మట అదియే ఊతకఱ్ఱ యైనది. కాళిదాసు ఇచట చూపిన సూక్ష్మత వార్ధక్యవర్ణనకు మించినది. అధికారమును, అశక్తతయు ఒకే వస్తువునందు కలిసినవి. శరీరము సడలినందున బెత్తము లాగికొనబడలేదు. ఆ బెత్తమే శరీరమునకు ఆసరా యైనది. ఉద్యోగము తన పరికరముతోనే ఉద్యోగిని నిలువబెట్టినదన్నమాట. నేడు పనిచేయు చోటుల వృద్ధులకు అనుకూలముగా పరికరములను మార్చవలెనని చెప్పువారి భావమునకు ఇంతకంటె చక్కని రూపము మాకు కానరాదు.

ఆ వెంటనే ఆ కంచుకి మఱొక సందిగ్ధమున పడును. ధర్మాసనమునుండి అప్పుడే లేచిన రాజును మునుల రాక చెప్పి మరల శ్రమపెట్టుటయా, మానుటయా? తుదకు లోకపాలనాధికారమున విశ్రాంతి యనునది లేదని, సూర్యుని, వాయువును, ఆదిశేషుని తలచుకొని సమాధానపడును. ఇందు విశేషమేమనగా, విశ్రాంతి లేమి సేవకునికి మాత్రమే కాక ప్రభువునకు కూడ సమానముగా చెప్పబడినది. విక్రమోర్వశీయ తృతీయాంకమున కంచుకి ఇంత శాంతుడు కాడు. లోకమున గృహస్థులు శక్తి గల వయస్సున ఆర్జించి, పిమ్మట కుమారులు బరువునెత్తికొనగా విశ్రమింతురు. తమ బ్రతుకునకు మాత్రము ఆ భాగ్యము లేదని అతడు వాపోవును. ఇది మన సాహిత్యమున వృద్ధోద్యోగి చేసిన ఫిర్యాదులలో మిక్కిలి స్పష్టమైనది. అతడు కోరునది కొలువు కాదు, విరామము. ముద్రారాక్షస తృతీయాంకమున కంచుకియు ఇంద్రియములు ఉడిగినను తృష్ణ యుడుగలేదని తన్ను తాను ఎత్తిపొడుచుకొనును. ఐనను అతడు నిర్వహించిన పని యెట్టిది? చంద్రగుప్తుని యాజ్ఞపై చాణక్యుని యెదుట నిలువవలసిన పని. పాటలీపుత్రమున అంతకంటె సున్నితమైన దౌత్యము లేదు. కన్నును చెవియు మందగించినను, ఎవరియెదుట ఏమాట యెట్లు పలుకవలెనో యెఱిగిన నేర్పు మందగింపలేదని విశాఖదత్తుడు పలుకుటకు బదులు చేసి చూపించినాడు.

ఈ వరుసలో మాకు అత్యంతప్రధానమని తోచునది ఉత్తరరామచరిత ప్రథమాంకములోని ఘట్టము. శ్రీరాముడు నూతనముగా పట్టాభిషిక్తుడైనాడు. అష్టావక్రుని రాకను తెలుపవచ్చిన ముసలి కంచుకి పాత యలవాటున ‘రామభద్రా’ యని పిలిచి, సగము మాటలో తెలివి తెచ్చుకొని, జంకి, ‘మహారాజా’ యని సవరించుకొనును. రాముడు చిఱునవ్వుతో, తండ్రి పరిజనము నోట ఆ పాతపిలుపే ఒప్పునని, అలవాటైనట్లే పిలువుమని చెప్పును. ఇందు కథాగమనమునకు కావలసినది అష్టావక్రుని రాక మాత్రమే. పిలుపు సవరణ లేకున్నను కథ ఆగదు. భవభూతి దానిని చేర్చుటకు కారణమేమి? ప్రభుత్వము తండ్రి చేతినుండి కుమారుని చేతికి మారిన క్షణమున పాతసేవకుని స్థితి యేమగునను ప్రశ్నను అతడు గుర్తించినాడు. కంచుకి జంకులో ఆ ప్రశ్నయంతయు ఉన్నది. రాముని నవ్వులో సమాధానమున్నది.

సరిగా ఈ ఘట్టమే అమెరికాదేశమున మఱొక రీతిని పునరావృత్తమైనది. విల్లీ లోమన్ ఊరూర తిరిగి సరకునకు గిరాకి సంపాదించు వర్తకప్రతినిధి. వయస్సు 63 ఏండ్లు. సంస్థలో అతని సేవ 36 ఏండ్లని భార్య లిండా చెప్పును. 34 ఏండ్లని యజమాని యెదుట అతడు చెప్పును. పాత యజమాని గతించినాడు. కుమారుడు హోవర్డు గద్దెపై నున్నాడు. అతని వయస్సు 36 ఏండ్లని నాటకకర్త రంగసూచనలో స్పష్టముగా వ్రాసినాడు. లిండా లెక్క ప్రకారము యజమాని ఆయుర్దాయమంతయు ఈ సేవకుని సేవాకాలము. ఆ బాలునికి పేరు పెట్టునపుడు తన సలహా యడిగిరని విల్లీ గుర్తుచేయును. ఐనను 36 ఏండ్లవాడు 63 ఏండ్లవానిని కుఱ్ఱవాండ్రను పిలుచు మాటతో పలుమాఱు పిలుచుచున్నాడు. అయోధ్యలో కొత్తరాజు పాతసేవకుని నోట తన బాల్యనామమును నిలుపగా, న్యూయార్కున కొత్త యజమాని పాతసేవకునే బాలుని చేసినాడు. రెండు నాటకములందును ఒక్క పిలుపుతో సంబంధమంతయు తేలిపోయినది.

విల్లీ యడిగినది పెద్దకోరిక కాదు. దూరప్రాంతములకు కారు నడుపుట తనకు చేతకాకున్నది. ఊరిలోనే ఏదేని పని యిమ్మని యడిగెను. వారమునకు 65 డాలర్లతో ఆరంభించి, 50కి దిగి, 40కి దిగెను. అంతకు కొన్ని వారములకు ముందే అతని జీతము తీసివేయబడి, కొత్తగా చేరినవానివలె అమ్మకముపై వచ్చు కమిషను మాత్రమే మిగిలినది. హోవర్డు ఈ సంభాషణ నడుమ తాను క్రొత్తగా కొన్న ధ్వనిముద్రణయంత్రమును మురిపెముతో వినిపించుచుండెను. తన పసికుమారుడు రాష్ట్రరాజధానుల పేరులు అప్పగించుట దానిలో వినవచ్చును. అతడు గదిలో లేనపుడు విల్లీ చేయి తగిలి ఆ యంత్రము తనంత తాను మాటలాడగా, దాని నాపుట తెలియక విల్లీ భయభ్రాంతుడై కేకలు వేసెను. వృద్ధులు క్రొత్తయంత్రములకు పనికిరారను లోకాపవాదమును మిల్లర్ ఇట్లు రంగముపై నిలిపెను. కాని ఆ యంత్రమును ఎట్లు నడుపవలెనో అతనికి ఎవ్వరును నేర్పలేదన్న సంగతి కూడ ప్రేక్షకునికి తెలియుచునే యున్నది.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. విల్లీ నిజముగానే అసమర్థుడు. అతని యమ్మకములు పడిపోయినవి, చిత్తము చలించినది. కావున అతనిని తొలగించుట వివక్ష కాదు, వ్యాపారన్యాయము. ఈ యాక్షేపము త్రోసిపుచ్చరానిది. మిల్లర్ తన నాయకుని దక్షునిగా చిత్రింపలేదు; తన గతవిజయములను గూర్చి విల్లీ అతిశయోక్తులాడునని కూడ సూచించినాడు. కాని హోవర్డు చేసిన దేమో పరిశీలింపుడు. అతడు విల్లీ ఊరిలో చేయగల పని యేదియని విచారింపలేదు; అమ్మకముల లెక్క తెప్పించి చూడలేదు; చోటు లేదని ముందే నిశ్చయించుకొని, తుదకు అతనికి దీర్ఘమైన విశ్రాంతి కావలెనని చెప్పి పంపివేసెను. ముసలివాడవనుమాట అతని నోట రాలేదు. విశ్రాంతి యను మాట వచ్చినది. కాళిదాసు కంచుకి వరముగా కోరినది ఇచట శిక్షగా ఒసగబడినది. నేడు మనము పదవి విడిచినవారిని ‘విశ్రాంత’ ఉద్యోగులని గౌరవముతో పిలుచుచున్నాము. ఆ గౌరవపదము క్రింద అడిగి పొందిన విశ్రమమును ఉండవచ్చును, అడుగకయే పొందిన విసర్జనమును ఉండవచ్చును. మాట ఒక్కటియే.

విల్లీ జీవితమును నడిపించిన యాదర్శమును కూడ ఈ సందర్భమున చెప్పవలెను. డేవ్ సింగిల్‌మన్ అను ఒక ప్రతినిధి 84 ఏండ్ల వయస్సున హోటలు గదిలో కూర్చుండి, టెలిఫోనుపైననే 31 రాష్ట్రముల వర్తకులతో వ్యాపారము చేయుచుండెనట. అతనిని చూచియే విల్లీ ఈ వృత్తిని వరించెను. వయస్సు పెరిగినకొలది పరిచయమును, గౌరవమును పెరుగునని, వానివలన పని సులువగునని అతని నమ్మకము. ఇది అచ్చముగా కంచుకి యాదర్శము. వృత్తి మాత్రము కంచుకి వృత్తి కాదు. విల్లీ పెట్టెలలోని సరకు ఏమో నాటకమునందెచ్చటను చెప్పబడలేదు. అమ్ముడుపోవలసినది మనిషి చిఱునవ్వు, చుఱుకుదనము. అట్టి సరకునకు ముదిమి విలువ చేర్పదు. ఈ నాటకపు తొలిప్రదర్శనమున విల్లీ వేషము ధరించిన లీ జె. కాబ్ వయస్సు 37 ఏండ్లే. వంగిన వీపుతో, ఈడ్చు నడకతో అతడు 63 ఏండ్లవాడుగా చెల్లుబాటయ్యెను. వయస్సును మనము లెక్కనుండి గాక వేషమునుండి గ్రహింతుమని నటులకు తెలియును. యజమానులు కూడ అట్లే గ్రహింతురనుటలోనే చిక్కున్నది.

నాటకము ప్రదర్శితమైన 18 ఏండ్లకు, 1967 లో, అమెరికాలో ఉద్యోగములందు వయోవివక్షను నిషేధించు శాసనము వచ్చెను. అది తొలుత 40 నుండి 65 ఏండ్ల వఱకు గలవారిని రక్షించెను. పై హద్దు 1978 లో 70కి పెంచబడి, 1986 లో చాలవఱకు తీసివేయబడెను. 63 ఏండ్ల విల్లీ దాని నీడలోనివాడే. కాని శాసనము అతనిని రక్షించియుండునా? 2009 లో ఆ దేశపు సుప్రీం కోర్టు, వయస్సే కారణము కాకున్నచో తొలగింపు జరిగియుండెడిది కాదని వాది రుజువు చేయవలెనని నిర్ణయించెను. వయస్సును గూర్చి ఒక్కమాటయు అనని హోవర్డుపై ఆ రుజువు తెచ్చుట కష్టము. న్యాయస్థానము మాటను అడుగును. నాటకము మాట వెనుకనున్న మౌనమును చూపును. రెండిటి ప్రయోజనములును వేఱు.

మనదేశమున ఈ విషయమై జరిగిన వివాదములలో ఒకటి కంచుకి లక్షణమును తలక్రిందు చేసినట్లుండును. ఎయిర్ ఇండియా సంస్థలో విమానపరిచారికలు 35 ఏండ్లు నిండినను, చేరిన నాలుగేండ్లలోపల వివాహమాడినను, తొలిసారి గర్భవతులైనను, ఏది ముందు సంభవించిన దానితో ఉద్యోగము విడువవలెనని నియమముండెను. 35 దాటిన పిమ్మట పొడిగింపు మేనేజింగ్ డైరెక్టరు ఇష్టాధీనము. అదియు 45 వఱకు. ఆ విమానములలోనే పనిచేయు పురుషులకు 58 ఏండ్లు. 1981 లో నర్గీస్ మీర్జా వ్యాజ్యమున సుప్రీం కోర్టు గర్భధారణ నియమమును, డైరెక్టరుకు గల హద్దులేని యిచ్ఛాధికారమును కొట్టివేసెను. ఐనను 35 ఏండ్ల నియమమును మౌలికముగా తప్పు పట్టలేదు. పురుషులు వేఱు తరగతివారనుటను అంగీకరించెను. అయితే అనుభవము గల పెద్ద వయస్సు స్త్రీలు ప్రయాణికుల సౌకర్యమును యువతులకంటె చక్కగా చూడగలరని, స్త్రీలను ప్రదర్శనవస్తువులుగా తలచు భావమును సంస్థ విడనాడవలెనని కూడ ఆ తీర్పున చెప్పబడినది. కంచుకి ఆకర్షణ యుడిగినవాడను నూహపై కొలువున చేర్చుకొనబడెను. పరిచారిక ఆకర్షణ యుడుగునను నూహపై కొలువునుండి తీసివేయబడెను. ఒకరికి మేలు, మఱొకరికి కీడు. తర్కము మాత్రము ఒక్కటియే. చేయవలసిన పని ఆ తర్కమున ఎచ్చటను లేదు.

అట్లనుటచే ప్రాచీనులు వృద్ధులను మన్నించిరి, ఆధునికులు తిరస్కరించిరి అను సులభసిద్ధాంతమునకు మేము సమ్మతింపము. కంచుకి విప్రుడు, పురుషుడు. అతనికి రంగమున శ్లోకము దొరకినది. అదే యంతఃపురమున ముదుసలులైన దాసీజనము తమ ముదిమిని గూర్చి ఏమనుకొనిరో మేమెత్తిచూపిన ఘట్టములలో ఒక్కటియు చెప్పదు. మఱియు రాముని చిఱునవ్వు ఎంత మనోహరమైనను, ఆ యంకము ముగియకమునుపే ఆ రాజే లోకారాధనమునకై నిరపరాధిని యగు భార్యను విడనాడును. ప్రభువు మంచితనమే రక్షగా గలవారికి రక్ష ఎంత పలుచనో ఆ యంకమే చెప్పుచున్నది. రాముడు ఆ పిలుపును మెచ్చుకొనకపోయినచో కంచుకికి చెప్పికొనుటకు చోటెక్కడ?

మంచితనమునకు బదులు అందఱికి సమానమైన సంఖ్య నొకదానిని నిలుపుట ఆధునికరాజ్యము కనిపెట్టిన మార్గము. దానిని తేలికగా నిందింపరాదు. సంఖ్యకు బంధుప్రీతి లేదు. డైరెక్టరు ఇచ్ఛకంటె సంఖ్య మేలని పై తీర్పే సూచించుచున్నది. ఐనను సంఖ్య శక్తికి కొలమానము కాదనుటకు మన యనుభవమే చాలును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1983 లో ఉద్యోగుల విరమణవయస్సును 58 నుండి 55కి తగ్గించెను; 1984 లో మరల 58 చేసెను; 1985 లో సుప్రీం కోర్టు ఆ తగ్గింపు చెల్లునని చెప్పెను. 2014 లో అది 60, 2022 లో 62 అయ్యెను. తెలంగాణమున 2021 లో 61 అయ్యెను. ఈ నాలుగు దశాబ్దులలో తెలుగువారి శరీరములు ఇన్నిమాఱులు కుంగి లేవలేదు. మారినది ఖజానా స్థితి, నిరుద్యోగుల సంఖ్య, ప్రభుత్వముల యాలోచన. యువకులకు చోటు కావలెనను వాదము సత్యమైనదే; దానిని వృద్ధుని యసమర్థతగా అనువదించుట అసత్యము. చోటు చాలక పంపుట వేఱు, పనికిరాడని పంపుట వేఱు. మొదటిదానియందు పోవువాని పరువు పోదు. హోవర్డు మొదటిదానిని చెప్పుచు రెండవదానిని చేసెను.

మన రాజ్యాంగపు పదునారవ యధికరణమున ప్రభుత్వోద్యోగములకు సంబంధించి నిషేధింపబడిన వివక్షాకారణములలో మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము చెప్పబడినవి, వయస్సు చెప్పబడలేదు. విద్యారంగమున కూడ, ఉపన్యాసక పదవి యర్హతకు పైవయస్సు హద్దు లేకున్నను, ఆ పరీక్షలోనే లభించు పరిశోధక వేతనమునకు హద్దున్నది. అనగా నలువదవ యేట పరిశోధనకు వచ్చిన పాఠశాలోపాధ్యాయుడు బోధింపవచ్చును, వేతనముతో పరిశోధింపరాదు. ఈ భేదము దేనిపై నిలిచినది? ఆలస్యముగా వచ్చినవాని పరిశోధన కొఱవడునని యెవ్వరేని పరీక్షించి చూచిరా, లేక కంచుకిని నియమించిననాటి యూహవంటి యూహయేనా?

రూపకములనుండి మేము గ్రహించినది ఈ మాత్రము. వృద్ధసేవకుని విషయమున న్యాయము మూడు విచారణలపై నిలుచును: ఆ పని నిజముగా కోరునది ఏది, అది ఈ మనిషియందు ఉన్నదో లేదో చూచితిమా, అశక్తత యున్నచో బెత్తమును ఊతగా మార్చు వీలున్నదా. కాళిదాసు మూడవదానిని చూపెను, విశాఖదత్తుడు మొదటిదానిని చూపెను, మిల్లర్ రెండవది లోపించిన చోట ఏమి జరుగునో చూపెను. తెలుగు కథానవలలలో గుమాస్తాలు, బడిపంతుళ్లు, మిల్లుకార్మికులు పదవి విడుచు ఘట్టములను ఈ మూడు విచారణలతో పరిశీలించు పని మిగిలియున్నది. ఆ ఘట్టములలో విశ్రాంతి యను మాట ఎవరి నోట వచ్చినది, అడిగినవాని నోటనా, ఇచ్చినవాని నోటనా యని గుర్తించుటతో పరిశోధకులు ఆ పని నారంభింపవచ్చును.